ఒక్క ముగ్గుచుక్కలో ఎకరన్నర

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)

డాబా మీద వడియాలు పెడుతూ మనం ఆకాశం వంక చూస్తాం. మబ్బు పడుతుందా, ఎండ నిలుస్తుందా, కాకి వాలుతుందా అని చూసి దిగిపోతాం. అదే వేళకి పైనుంచి ఒక యంత్రం మన డాబానీ, దాని వెనక కొబ్బరిచెట్లనీ, ఆ వెనక కాలువగట్టునీ బొమ్మ తీసుకుంటూ పోతూ ఉంటుందని నాకు మొన్న మొన్నటిదాకా తట్టలేదు. ఉపగ్రహం అనగానే వాతావరణ వార్తలో తుపాను గుండ్రంగా తిరుగుతూ కనిపించే బొమ్మే నాకు గుర్తుకొచ్చేది. దానికీ మన పొలానికీ సంబంధం ఏముంటుందని అనుకునేదాన్ని.

సంబంధం ఉందని ఒక కాగితం మూలంగా తెలిసింది.

నా మెట్టినిల్లు మండపేట. పుట్టినిల్లు కొల్లేటి వైపు ఒక పల్లె. పెళ్లిలో నాన్నగారు పసుపు కుంకుమ కింద ఎకరన్నర ఇచ్చారు. దాన్ని అన్నయ్యే తన పొలంతో కలిపి సాగు చేస్తూ, ఏటా నాకు రావలసినవి బస్తాల రూపంలోనో డబ్బు రూపంలోనో పంపిస్తూ ఉండేవాడు. ఏనాడూ లెక్క అడగలేదు, అడగవలసిన అవసరమూ రాలేదు. పోయిన దసరాకి వచ్చినప్పుడు మాత్రం సంచీలోంచి స్టాంపు కాగితం తీశాడు.

“చుట్టూ అందరూ చేపల చెరువులకి ఇచ్చేశారమ్మా. మన చేనొక్కటే మిగిలింది. పక్క చెరువుల ఊటకి దాళ్వా పోతోంది, సార్వాకి నీళ్లు లాగటం లేదు. కౌలు బాగా ఇస్తామంటున్నారు. నువ్వో సంతకం పెడితే చాలు” అన్నాడు.

మీ బావగారిని అడిగి చెబుతానన్నాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆయన్ని అడగవలసిందేమీ లేదు. నాకు కాస్త వ్యవధి కావలసి వచ్చింది, అంతే. అన్నయ్య అబద్ధమాడే మనిషి కాదు. కాని నేను ఆ పొలం గట్టు మీద నిలబడి ఏళ్లయింది. చుట్టూ ఏముందో, మన చేను మధ్యలో ఎలా ఉందో, నా కళ్లతో చూడకుండా సంతకం చెయ్యడానికి చెయ్యి రాలేదు.

సంక్రాంతికి మేనల్లుడు వచ్చాడు, అన్నయ్య కొడుకే. విశాఖపట్నంలో భూగోళశాస్త్రం చదువుతున్నాడు. “చూడాలంటే ఊరు వెళ్లక్కర్లేదత్తా, ఇక్కడే చూపిస్తా” అని భోజనాల బల్ల మీద కంప్యూటరు తెరిచాడు. మా అత్తగారు కూడా కళ్లజోడు తుడుచుకుని వచ్చి కూర్చున్నారు.

ముందు మా మండపేటే చూపించాడు. పొడుగ్గా, తెల్లగా అగ్గిపెట్టెలు పేర్చినట్టున్నవేమిటంటే కోళ్ల షెడ్లు. పొలాల మధ్య గీతలు గీసినట్టు నిలువూ అడ్డంగా కొట్టిన మట్టిదారులు ఇళ్ల స్థలాల లేఅవుట్లు. మా వీధి చివర నేను కాపురానికొచ్చినప్పుడు చేలు ఉండేవి. పాత బొమ్మలో అవి చేలుగానే ఉన్నాయి, కొత్త బొమ్మలో కప్పులే కప్పులు. ఇంతవరకు ఆశ్చర్యం లేదు, మనకు తెలిసిన విషయమే పైనుంచి చూశాం.

తరువాత ఇంకో రకం బొమ్మ పెట్టాడు. అందులో చేలన్నీ ఎర్రగా ఉన్నాయి, పండిన మిరపకాయలు ఆరబోసినట్టు. మా అత్తగారు కంగారుపడి, “అదేమిట్రా, చేలన్నీ అలా ఎర్రబడ్డాయి, తెగులా?” అన్నారు. వాడు నవ్వి, “కాదు మామ్మా, ఎంత ఎర్రగా ఉంటే పైరు అంత ఏపుగా ఉన్నట్టు” అన్నాడు.

ఇది కొంచెం చెప్పుకోవాలి. పచ్చటి ఆకు మన కంటికి కనిపించని ఒక కాంతిని బాగా వెనక్కి కొడుతుందిట. దానిని పరారుణ కాంతి అంటారు. మన కంటికి దాని రంగు అందదు గనుక, కెమేరా పట్టుకున్న ఆ కాంతికి బొమ్మలో ఎరుపు రంగు వేస్తారు. నీరు దాన్ని మింగేస్తుంది, అందుకని చెరువు నల్లగా కనిపిస్తుంది. ఎండిన దుక్కి నేల బూడిద, నీలం కలిసిన రంగులో ఉంటుంది. పైరు నీరసిస్తే మన కంటికి ఇంకా పచ్చగానే ఉన్నా బొమ్మలో ఎరుపు తగ్గుతుంది. మన దేశంలో ఈ విద్య మొదలైందే కొబ్బరిచెట్టు జబ్బుతో. 1970 ప్రాంతంలో పిషారోటి అనే శాస్త్రవేత్త ఆధ్వర్యంలో కేరళలో కొబ్బరితోటల మీద హెలికాప్టరులో తిరుగుతూ ఇలాంటి ఫొటోలు తీసి, వేరు తెగులు పట్టిన చెట్లను గుర్తించారు. కోనసీమ ఆడపడుచులకు ఈ సంగతి నచ్చుతుందని చెబుతున్నాను.

ఆ తరువాత 1972 జూలైలో అమెరికావాళ్లు భూమి బొమ్మలు తియ్యడానికే ఒక ఉపగ్రహాన్ని పంపారు. దాని వరుసకి ల్యాండ్‌శాట్ అని పేరు. మన హైదరాబాదులో 1974లో జాతీయ సుదూర గ్రాహక సంస్థ ఏర్పడింది. సుదూర గ్రాహకం అంటే ముట్టుకోకుండా, దూరంనుంచే సంగతి గ్రహించడం. ముద్ద పట్టుకోకుండానే ఘుమఘుమని బట్టి పులుసు కుదిరిందో లేదో మనం చెప్పమూ, అలాంటిదే అనుకోండి. షాద్‌నగర్ దగ్గర పెద్ద పెద్ద పళ్లేల్లాంటి ఏంటెన్నాలు పెట్టి అక్కడ ఆ బొమ్మలు అందుకుంటారు. 1988 మార్చిలో మన సొంత ఉపగ్రహం ఐ.ఆర్.ఎస్.-1ఏ వెళ్లింది. ఇరవై రెండు రోజులకోసారి అది మళ్లీ అదే చోటి మీదికి వచ్చేది.

ఇక ముగ్గుచుక్కల మాట. ఈ బొమ్మంతా చుక్కలే. చుక్కల ముగ్గులాగా వరసలు వరసలుగా చుక్కలుంటాయి, ఒక్కో చుక్కకీ ఒక్కటే రంగు. 1972 నాటి ఉపగ్రహానికి ఒక చుక్క నేలమీద ఎనభై మీటర్ల చదరం. మేనల్లుడు లెక్క కట్టి చెప్పాడు, సుమారు ఎకరం యాభై ఎనిమిది సెంట్లు. అంటే నాన్నగారు నాకిచ్చిన ఎకరన్నర అంతా కలిపి ఒక్క చుక్క! అందులో మా కళ్లం, గట్టు మీద తాడిచెట్లు, మూల ఉన్న బోదె అన్నీ కలిసిపోయి ఒకే రంగు. నాకు నవ్వూ వచ్చింది, ఎందుకో మనసూ చివుక్కుమంది. తరువాత 1982 నుంచి వచ్చిన ల్యాండ్‌శాట్‌లకి చుక్క ముప్ఫై మీటర్లయింది, అంటే ఇరవై రెండు సెంట్లు. నా పొలం ఏడు చుక్కలయింది. 2015లో యూరపువాళ్లు పంపిన సెంటినెల్ ఉపగ్రహానికి చుక్క పది మీటర్లు, రెండున్నర సెంట్లు. ఇప్పుడు నా పొలం అరవై చుక్కల ముగ్గు. గట్టు కూడా ఆనవాలు పట్టవచ్చు.

పాత బొమ్మ, కొత్త బొమ్మ పక్క పక్కన పెట్టినంత మాత్రాన మార్పు తెలియదు. ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. మనం జాకెట్టు మీద పువ్వు అద్దుకునేటప్పుడు కార్బన్ కాగితం కదలకుండా నాలుగు మూలలా గుండుసూదులు గుచ్చుతాం గదా, వీళ్లూ అలాగే చేస్తారు. కదలని గుర్తులు చూసుకుంటారు: వంతెన, కాలువ లాకులు, పాత గుడి గోపురం, రెండు రోడ్లు కలిసే చోటు. సర్వే ఆఫ్ ఇండియావారి పాత పటాలను కూడా కంప్యూటరులోకి ఎక్కించి ఆ గుర్తుల దగ్గర గుచ్చుతారు. సూది పక్కకి జరిగిందా, లేని మార్పు ఉన్నట్టు కనిపిస్తుంది. సరిగ్గా కూర్చుంటే అప్పుడు ఏ చుక్క రంగు మారిందో, ఏది మారలేదో యంత్రం లెక్క పెడుతుంది. అంకెల రూపంలో ఉన్న పటం కాబట్టి ఎకరాల లెక్క కూడా అదే తేలుస్తుంది.

సరే, అసలు సంగతికి వద్దాం. మా ఊరు చూపించమన్నాను. చూపించాడు. గుండె గుభేలుమంది. ఊరి చుట్టూ అంతా నలుపే. మా చేనూ నలుపే! “ఒరే, మీ నాన్న నా సంతకం లేకుండానే తవ్వించేశాడా?” అన్నాను. పాపం వాడి మొహం చూడవలసింది. తరువాత తేదీ చూసి పకపకా నవ్వాడు. “ఇది జనవరి బొమ్మత్తా. దాళ్వా ఊడ్పులు!”

చూశారా, ఊడ్పుల నాడు మడి నిండా నీళ్లే గదా. పైనుంచి చూసే యంత్రానికి దమ్ము చేసిన మడీ ఒకటే, చేపల చెరువూ ఒకటే. ఊడ్పులకు వెళ్లిన ఏ ఆడకూలీని అడిగినా ఈ సంగతి చెబుతుంది, చదువుకున్న నాకు మాత్రం వాడు చెబితేగాని తట్టలేదు. అందుకని తెలిసినవాళ్లు ఒక్క బొమ్మతో తీర్పు చెప్పరు. జనవరి బొమ్మ, మార్చి బొమ్మ, మే బొమ్మ వరసగా చూస్తారు. వరిచేను జనవరిలో నల్లగా, మార్చిలో ఎర్రగా, కోతలయ్యి కాలువలు కట్టేసిన మేలో బూడిదరంగుగా ఉంటుంది. చెరువు మూడింటిలోనూ నలుపే. వానాకాలంలో మబ్బులడ్డం వచ్చి మామూలు బొమ్మలు కుదరవు. దానికి రాడార్ ఉపగ్రహాలున్నాయి. మనవాళ్లు 2012లో రీశాట్-1 అని ఒకటి పంపారు. అవి మబ్బులోంచి కూడా చూస్తాయి, గోదావరి వరదల్లో ఏ లంక ఎంత మునిగిందో పటాలు గీసేది అలాంటి బొమ్మలతోనే. అయినా ఎంత చూసినా చివరికి ఒక మనిషి పొలం మీదికి వచ్చి, గట్టు మీద నిలబడి, ఇది చెరువా చేనా అని సరిచూసుకోవలసిందే.

కొల్లేరు సంగతి అలాగే తేలింది. 1970లలో ప్రభుత్వమే మత్స్యకారుల సహకార సంఘాలకు సరస్సులో చెరువులిచ్చింది. తరువాత డబ్బున్నవాళ్లూ దిగారు. చిన్నప్పుడు మా నాన్నగారితో పడవలో వెళితే కనుచూపు మేర నీళ్లూ, నాచూ, గూడబాతులూ ఉండేవి. ఎక్కడ ఎవరు గట్టు వేశారో ఊళ్లో అందరికీ తెలిసేది, కొల్లేరు మొత్తం మీద ఎంత పోయిందో ఎవరికీ తెలిసేది కాదు. 2004లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు గారు, బి. హేమమాలిని గారు, మరొకరు కలిసి ఒక పరిశోధన అచ్చువేశారు. 2001 ఫిబ్రవరిలో మన ఐ.ఆర్.ఎస్.-1డి తీసిన బొమ్మ తీసుకుని చూస్తే, 245 చదరపు కిలోమీటర్ల కొల్లేటిలో వెయ్యికి పైగా చేపల చెరువులున్నాయి. నూటికి నలభై పాళ్లకు మించిన సరస్సు చెరువుగట్ల లోపలికి వెళ్లిపోయింది. మిగిలినదాంట్లో కొంత సాగులోకి, కొంత కలుపులోకి. బుడమేరు, తమ్మిలేరు వరద వచ్చినప్పుడు ఆ నీళ్లు ఉప్పుటేరు దాకా పోవడానికి దారేది? మా పుట్టింట్లో వంటింటి గట్టు దాకా నీళ్లొచ్చిన ఏడాది మేమంతా వానదేవుణ్ణి తిట్టుకున్నాం. గట్ల మాట ఎవరికీ తోచలేదు.

కొల్లేటిని 1999లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో సుప్రీంకోర్టు చెప్పిన మీదట చెరువుల గట్లు కొట్టించేశారు. కొన్ని చోట్ల మళ్లీ లేచాయి. కొట్టించినప్పుడు పెద్దవాళ్లతో పాటు, ఆ చెరువు మీదే బతికే చిన్న చిన్న కుటుంబాలూ వీధిన పడ్డాయి. ఆ ఏడుపు నేను చెవులారా విన్నాను. అది ఏ ఉపగ్రహం బొమ్మలోనూ రాదు.

హేమమాలిని గారి పేరు చెప్పాను గదా, ఆవిడ భూగోళశాస్త్ర ఆచార్యులుగా పనిచేశారు. ఆవిడా, నాగేశ్వరరావు గారూ మన గోదావరి డెల్టా సముద్రపుటంచును కూడా ఇలాగే పరిశీలించారు. 1976 నుంచి 2001 వరకు పాతికేళ్ల బొమ్మలు ఒకదాని మీద ఒకటి వేసి చూస్తే, కొత్తగా మేట వేసింది పోను సుమారు పద్దెనిమిది వందల హెక్టార్లు, అంటే నాలుగున్నర వేల ఎకరాలు సముద్రంలో కలిసిపోయింది. కారణం ఏమిటంటే ఒండ్రు తగ్గిందిట. డెబ్బైలలో గోదావరి ఏడాదికి సగటున 15 కోట్ల టన్నుల మట్టి తెచ్చేది. తొంభైలలో అది ఆరు కోట్ల టన్నులకు లోపే. ఎగువన ఆనకట్టలు కట్టుకున్నాం, మట్టి వాటి వెనకే ఆగిపోతోంది. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాకే మన డెల్టా అన్నపూర్ణ అయిందని మనం పిల్లలకు చెబుతాం, నిజమే. అయితే ఆ అన్నపూర్ణ కూర్చున్న పీట నది మోసుకొచ్చిన మట్టే. ఏటా కొత్త మట్టి పడకపోతే అంచున కోత పడుతుంది. డెల్టా పక్కనే ఉన్న ఉప్పాడ చూడండి, పెళ్లిళ్లకి మనం ముచ్చటపడి కొనుక్కునే జాందానీ చీరలు నేసే ఊరు. ఒడ్డున ఉన్న ఇళ్లు ఒక్కొక్కటే కడలి పాలవుతున్నాయి.

మా ఇంటి భోజనాల బల్ల దగ్గరికి మళ్లీ వద్దాం. మేనల్లుడు ఈసారి జాగ్రత్తగా మే నెల బొమ్మలే ఏరి పెట్టాడు. 1990 మే నెలలో మా చేను చుట్టూ అంతా బూడిదరంగు నేల, దూరంగా రెండే రెండు నల్ల గళ్లు. 2001లో పడమర వైపు నలుపు మా బోదె దాకా వచ్చింది. ఆ తరువాత దక్షిణం, తరువాత ఉత్తరం. చెరువులు ఎక్కడపడితే అక్కడ పుట్టలేదు. ఒకదాన్ని ఒకటి ఆనుకునే పుట్టాయి. నాకు అంతుపట్టింది అప్పుడే. ఒక చేను చెరువైతే దాని ఊటకి పక్క చేను చవుడు దేలుతుంది. ఆ రైతు రెండేళ్లు చూసి, మూడో ఏట తనూ ఇచ్చేస్తాడు. ఎవరి మటుకు వాళ్లు చేసింది న్యాయంగానే కనిపిస్తుంది. పైనుంచి చూస్తే మాత్రం కాగితం మీద నూనెచుక్క పాకినట్టుంది.

అన్నయ్య చెప్పింది నిజమే, మూడు వైపులా చెరువులే. కాని తూర్పున పుంత ఉంది, పుంత అవతల అయిదారు చేలు మార్చి బొమ్మలో ఎర్రగా కనిపించాయి. వాటికీ ఆ చెరువులకీ మధ్య ఉన్నది మా అన్నయ్య పొలం, నా ఎకరన్నర, అంతే. అందులో ఒక చేను మా ఊరి బళ్లో నాతో చదువుకున్న ఆవిడది. భర్త పోయాడు, ఇద్దరు పిల్లలు. బొమ్మలో ఆవిడ పేరు రాసి ఉండదు. నాకు తెలుసు గనుక కనిపించింది.

ఆ రాత్రి అన్నయ్యకు ఫోను చేశాను. తూర్పు చేల మాట చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత, “నువ్వు చెప్పేది బాగానే ఉందమ్మా, మరి నా అప్పెవరు తీరుస్తారు? ఊటనీళ్లలో ఊడ్చి, పురుగుమందు కొట్టి, గింజ పట్టని చేను కోసుకుని నేనేం తినాలి? మీ ఉపగ్రహం చెబుతుందా?” అన్నాడు. చెప్పదు. నా దగ్గరా జవాబు లేదు. ఆయన కష్టం ఆయనది, దాన్ని తేలిగ్గా తీసెయ్యడానికి నాకు నోరు రాలేదు. సంవత్సరం పొడుగునా కష్టపడేది ఆయన, బస్తాలు అందుకునేది నేను.

ఒక్కటి మాత్రం అడిగాను. పడమటి చెరువుకీ మన గట్టుకీ మధ్య ఊటకాలువ తవ్వారా అని. చెరువు చుట్టూ ఊటనీళ్లు పోవడానికి కాలువ వదలాలి గదా. ఎప్పుడో పూడిపోయిందన్నాడు. దాన్ని తిరిగి తవ్వించమని చెరువువాళ్లని అడిగావా అంటే, అడిగితే వింటారా అన్నాడు. అడగలేదన్నమాట.

మీలో చాలామందికి ఎక్కడో ఒక పల్లెలో నాలాగా ఒక ముక్క ఉండే ఉంటుంది. అన్నదమ్ములో, కౌలుదార్లో చూసుకుంటారు, మనం పట్నంలో ఉండి సంతకాలు పెడతాం. కాగితం చదువుతాం గాని పొలం చూడం. ఇప్పుడు చూడవచ్చు. మన ఇస్రోవారు 2009లో భువన్ అని ఒకటి పెట్టారు, ఫోనులో కూడా తెరుచుకుంటుంది. గూగుల్ ఎర్త్‌లో 1984 నుంచి ఏటా మారిన బొమ్మ వరసగా తిప్పి చూడవచ్చు. ఇంట్లో కాలేజీ పిల్లలుంటే వాళ్లనడగండి, మనకంటే చప్పున తీస్తారు. అయితే తేదీ చూడకుండా నాలాగా కంగారుపడకండి. అలాగే, దాంట్లో మీ గట్టు ఇక్కడుంది, పక్కవాడి గట్టు అక్కడుంది అని ఎవరితోనూ తగువు పెట్టుకోకండి. సరిహద్దు తేల్చవలసింది సర్వేయరు కొలతే గాని ఈ బొమ్మ కాదు.

అన్నయ్య ఉగాదికి మళ్లీ వస్తానన్నాడు, కాగితం కూడా తెస్తాడట. ఆ పూడిపోయిన ఊటకాలువ పాత బొమ్మల్లో ఎక్కడిదాకా ఉండేదో కొలిచి, అచ్చు తీసి ఉంచమని మేనల్లుడికి చెప్పాను. మా అత్తగారైతే, ఆ ఎర్ర బొమ్మ కూడా ఒకటి తీసి పెట్టరా అన్నారు, గోడకి తగిలించుకుంటారుట.